ఐదుసార్లకు కొన్న నల్ల కిమోనో

ఎనిమిది లక్షల అరవై వేల యెన్లను ఐదుతో భాగిస్తే లక్షా డెబ్బై రెండు వేలు. ఈ లెక్క హిసానో మొదటిసారి వేసింది పద్నాలుగేళ్ళ కిందట, కనజావా బజారులోని పాతకాలపు పట్టుబట్టల దుకాణంలో, దుకాణదారుడు చాప మీద మోకాళ్ళు వేసి కూర్చుని పెళ్లిళ్ళలో దగ్గరి చుట్టాలైన పెళ్లయిన ఆడవాళ్ళు కట్టే ఆ నల్లపట్టును ఆమె భుజం మీదుగా జారవిడిచినప్పుడు. ఇవాళ ఆ పట్టే ఒంటి మీద ఉంది. హోటల్లో పెళ్లికూతురి తరఫు బంధువులకు కేటాయించిన గదిలో, వెనక వరస కుర్చీలో, నడుంపట్టీ వెనక ముడి నలిగిపోతుందని వీపు ఆనించకుండా కూర్చుని, ఉప్పులో ఊరిన చెర్రీపువ్వు తేలుతున్న వేడినీళ్ళ కప్పు రెండు చేతులతో పట్టుకుని, అదే లెక్క మళ్ళీ వేస్తోంది. ఆనాడు ఐదు పెళ్లిళ్ళు కళ్ళముందు కట్టినట్టు కనిపించాయి. తన కొడుకు కెంగో పెళ్లి ఒకటి, వరుడి తల్లిగా. ఆడపడుచు కొడుకులవి రెండు. తోడికోడలు కివాకో కూతురు చిహయది నాలుగోది. ఐదోదాన్ని దుకాణదారుడే చేర్చాడు, అయ్యగారి ఆఫీసులో కుర్రాళ్ళెవరో పెళ్లిపెద్దలుగా నిలబడమని మీ దంపతులను అడక్కపోరు కదమ్మా అని. ఆ మాట ఎంత తియ్యగా ఉంది! మంచిది అద్దెకు తెచ్చుకున్నా లక్ష దాటుతుంది, పైగా తిరిగి ఇచ్చేయాలి, ఇదైతే మనది, రేపు కోడలికి ఇవ్వచ్చు అని ఆమె ఇంటికొచ్చి భర్తకు అప్పజెప్పింది. రియోజి కళ్ళజోడు సర్దుకుని అంచున ఉన్న ఆకుల వంక చాలాసేపు చూశాడు. మా కాగా సీమ అద్దకంలో ఆకు గీస్తే దాని మీద పురుగు కొరికిన చిల్లు కూడా గీస్తారు, అదే దాని అందం. "పురుగు తిన్న ఆకులకి ఎనిమిది లక్షలా? తినని ఆకులైతే ఇంకెంతో!" అన్నాడాయన. హాస్యం ఆడినవాడు డబ్బు కట్టక తప్పదు కాబట్టి ఆమె ఆ మాట పట్టించుకోలేదు.

ఆ తరవాత ఆ ఐదులో నాలుగు ఒక్కొక్కటే రాలిపోయాయి. ఆడపడుచు పెద్దకొడుకు పెళ్లాంతో కలిసి హవాయి వెళ్ళి, సముద్రం ఒడ్డున చెప్పుల్లేకుండా నిలబడి ఫోటో దిగి పంపాడు, అదే పెళ్లన్నాడు. రెండోవాడు మునిసిపల్ ఆఫీసులో కాగితం ఇచ్చి, సాయంత్రం అందరికీ పీతల భోజనం పెట్టించాడు. మోకాళ్ళు ముడుచుకుని కూర్చునే పొట్టి బల్ల దగ్గర పీతలు చీల్చుకుంటూ ఎనిమిది లక్షల పట్టు ఎవరు కట్టుకుంటారు? ఆఫీసు కుర్రాళ్ళకు పెళ్లిపెద్దలంటే ఏమిటో కూడా తెలియని రోజులొచ్చాయి, రియోజి రిటైరయ్యాడు. ఇక కెంగో. కెంగో దగ్గరికి వచ్చేసరికి ఆమె ఆలోచన పంటి నొప్పి ఉన్న వైపు నమలనట్టుగా పక్కకి తప్పుకుంది. ప్రతి అక్టోబరులోనూ ఎండ బాగున్న రోజు చూసి పెట్టెలోంచి తీసి, కాగితం చుట్ట విప్పి, నీడలో గాలికి ఆరబెట్టి, మళ్ళీ మడిచి పెట్టడం. పద్నాలుగు అక్టోబర్లు. ఇంకా నయం, ఆరబెట్టినవాటిని కూడా కట్టుకున్నట్టు లెక్కేసుకుంటే ధర బాగా దిగొస్తుంది అని ఒకసారి తనకు తనే చెప్పుకుంది కూడా, అంత దూరం వెళ్ళింది పాపం.

ఈ గదిలో నల్లపట్టు కట్టుకున్నవాళ్ళందరికీ ఆమె కూర్చున్నచోటి నుంచే ధర కట్టేసింది. అది ఆమెకు పుట్టుకతో వచ్చిన విద్య. కళ్ళజోళ్ళ దుకాణంలో ఇరవై రెండేళ్ళు పనిచేసింది, తలుపు తోసుకుని వచ్చిన మనిషి కోటు చూసి ఏ అర దగ్గరికి తీసుకెళ్ళాలో నిర్ణయించేది. కిటికీ దగ్గరి పిన్నత్తగారిది అద్దెది, వీపున ఉన్నది వంశాన్ని చెప్పే ఇంటి ముద్ర కాదు, ఎవరికైనా చెల్లుతుందని అద్దె దుకాణాలవాళ్ళు వేయించే పువ్వు ముద్ర. పక్కావిడది సొంతదే, కానీ తల్లిది, చేతులు పొట్టి. అందరినీ తూచేసింది. ఒక్క కివాకో దగ్గరే తూకం నిలవడం లేదు. పెళ్లికూతురి తల్లి కదా, ముందు వరసలో నిలబడి వచ్చినవాళ్ళకు వంగి వంగి నమస్కారాలు చేస్తోంది. నల్లపట్టు మీద, కాళ్ళ దగ్గర, నీటిమొక్కల మధ్య రెండు బాతులు. అంతే. ఎక్కువ పూలు లేవు, బంగారం పోయలేదు. ఆ కొద్ది రంగులో ఆకుపచ్చ ఎంత నెమ్మదిగా నీలంలోకి దిగిందో, అలా దింపగలిగిన చేయి ఊళ్ళో ఎన్ని ఇళ్ళలో ఉంటుందో హిసానోకి తెలుసు. అద్దెదట. మూడు నెలల కిందటే చెప్పింది, "నాకెందుకక్కా సొంతది, ఒక్క పూట బాగోతానికి? అద్దెకు తెచ్చుకుంటున్నా" అని. ఆ రోజు హిసానోకి ఎంత హాయిగా అనిపించిందో! ఈ మధ్య అద్దె దుకాణాల్లో కూడా ఇంత మంచివి ఉంచుతున్నారన్నమాట. వీపు మీద మన ఇంటి ముద్ర, వలయంలో మూడాకులు, ఉన్నమాట నిజమే, కానీ రెండు వేలు ఎక్కువిస్తే ఇంటి ముద్ర అతికించి ఇస్తారు కదా, అదే అయుంటుంది.

"ఏమే కివాకో, ఇది అద్దెదంటే నేన్నమ్మను సుమా! నీ ఒంటి మీదే కుట్టినట్టుందే!" అంది అత్తగారు. ఆవిడకు ఎనభై తొమ్మిది, చెవులు సరిగా వినపడవు కాబట్టి ఆవిడ గుసగుస కూడా గదంతా వింటుంది. తరవాత చక్రాల కుర్చీలోంచే మెడ తిప్పి, "హిసానో, నీది కుర్రతనంలో కొన్నది కదూ? ఆ పూలు మోకాలి దాకా ఎక్కేశాయేంటి? నలభైల్లో అయితే చెల్లేది. పోనీలే, పెట్టెలో మగ్గేకన్నా కట్టుకోవడమే మంచిది" అంది.

"అద్దెదే అత్తయ్యా. అక్కది చూడండి, అసలు సిసలు కాగా అద్దకం. దాని పక్కన నిలబడ్డానికి కూడా నాది పనికిరాదు," అంది కివాకో నవ్వుతూ.

హిసానో కూడా నవ్వింది. బుగ్గలు నొప్పెట్టేలా నవ్వింది. ఎప్పుడూ ఇంతే, ముప్ఫై రెండేళ్ళుగా ఇంతే, ఈ మనిషి ఏది తొడిగినా అది ఆమె కోసమే పుట్టినట్టుంటుంది. సూపర్‌మార్కెట్ పై అంతస్తులో పంతొమ్మిది వందల యెన్లకు స్వెటర్ కొంటుంది, దాన్ని వేసుకుని నూతన సంవత్సరం నాడు అత్తగారింటికి వస్తుంది, వచ్చినవాళ్ళందరూ ఎక్కడ కొన్నావు ఎక్కడ కొన్నావు అని అడుగుతారు. పక్కనే హిసానో నలభై వేల కాష్మీరు ఉన్ని స్వెటర్ వేసుకుని నిలబడి ఉంటుంది, దాన్ని చూసి ఒక్కరు కూడా ఏమీ అడగరు, ఖరీదైందని మొహానే తెలిసిపోతుంది కాబట్టి ఇక అడగడానికేం మిగులుతుంది? చేపల కైమా ముద్దలు చేసే ఫ్యాక్టరీలో నెత్తికి ప్లాస్టిక్ టోపీ పెట్టుకుని పొద్దుటి పూట పనిచేసే మనిషి. ఐసు నీళ్ళలో నాని వేళ్ళు ఎర్రగా ఉబ్బి ఉంటాయి. ఆ వేళ్ళతోనే ఇప్పుడు బంగారు విసనకర్రను నడుంపట్టీలోకి దోపుకుంటే, ఆ దోపుకోవడం కూడా చూడముచ్చటగా ఉంది, ఛీ! ఇవాళ ఆమె కూతురికి పెళ్లి. ఇవాళ ఆమె తల్లి. అందరూ ఆమెకు వంగి నమస్కరిస్తారు, హిసానోకి కూడా వంగుతారు గానీ అది పెదతల్లికి వంగే వంగడం, లోతులో తేడా ఉంటుంది, ఆ తేడా ఎన్ని వేళ్ళో ఆమె కొలిచి చెప్పగలదు.

అప్పుడు చూసింది, నిజానికి అంతకుముందే, కివాకో గదిలోకి అడుగుపెట్టి తలుపు వైపు తిరిగి చెప్పులు సర్దినప్పుడే చూసింది గానీ, చూసినదాన్ని మనసు అంతసేపూ చాటుగా దాచుకుంది. కిమోనో ఎడమచేతి తాలూకు వెనక అంచు వెంట, జానెడు పొడవున, పొడుగు పొడుగు తెల్లటి కుట్లు. చివర దారం రెండంగుళాలు వేలాడుతోంది. కచ్చా కుట్టు. కొత్త బట్ట కుట్టినప్పుడు అంచు మడత కుదురుకోవడానికి దర్జీ వేసేది, మొదటిసారి కట్టుకునే ముందు తీసేయాల్సినది. నల్లటి పట్టు మీద తెల్లటి దారం. మెడపట్టీ మీద కూడా చిన్న చిన్న కుట్లుంటాయి, అవి వేరు, అలంకారానికి వేసినవి, అవి ఉండాలి. ఇవి ఉండకూడదు. ఉంటే చూసినవాళ్ళకు ఒకటే అర్థం, ఈమె దీన్ని ఎన్నడూ కట్టుకోలేదు, కట్టుకోవడం తెలియదు. కానీ హిసానోకి ఇంకొకటి కూడా అర్థమైంది. అద్దెకిచ్చే బట్టకు కచ్చా కుట్టు ఉండదు. పదిమంది కట్టి విప్పినదానికి ఎక్కడి కచ్చా కుట్టు? ఇది కొత్తది. కొన్నది. కొలతలిచ్చి కుట్టించుకున్నది. ముద్ర అతికించింది కాదు, అద్దింది.

కొన్నది! ఒళ్ళు మండిపోయింది. అయితే ఇదన్నమాట సంగతి. వచ్చి కట్టనా అని తను అడిగితే వద్దక్కా, మీకెందుకు శ్రమ, మా అక్క వచ్చి కడుతుందిలే అన్నది ఇందుకన్నమాట. కిమోనో కట్టడం నేర్పే బడికి రెండేళ్ళు వెళ్ళి, ఆ ఫీజును కూడా ఈ నల్లపట్టు ఖాతాలోనే వేసి, సర్టిఫికెట్ పటం కట్టించుకున్నది తను. ఈ కుటుంబంలో ఎవరి నడుంపట్టీ వదులైనా తన దగ్గరికే రావాలి. అలాంటిది, పెళ్లికూతురి తల్లిని కట్టడానికి తొయామా నుంచి ఆ అక్క ఎవరో దిగింది! నెల్లాళ్ళు ఆ అవమానాన్ని హిసానో లోపల పెట్టుకుని ఉడికింది. తను కట్టి ఉంటే మడత విప్పిన మరుక్షణం తెలిసిపోయేది కదా, అందుకే రానివ్వలేదు. ఎంత జాణతనం! డబ్బెక్కడిది? ఫ్యాక్టరీ జీతంలో కూడబెట్టిందా? ఎన్నేళ్ళు కూడబెట్టి ఉంటుంది, ఐదా, ఆరా? ఆరేళ్ళు అనుకోగానే ఆ తారీఖుకు ఒక గది వచ్చి అతుక్కుంది, మామగారి సంవత్సరీకం నాటి భోజనాల గది, తోఫు పులుసు వాసన, పళ్ళేలు తీస్తూ తను అన్న మాట. "చూడు కివాకో, ఏది అద్దెకు తెచ్చుకున్నా పర్లేదు, కూతురి పెళ్లికి మాత్రం అద్దె బట్ట కట్టకు. ఎవరి చెమటో మన ఒంటికి పూసుకోవడం ఎందుకు? నన్ను చూడు, ఎప్పుడో కొని పెట్టేశాను." కివాకో ఆ రోజు పళ్ళేలు పేర్చుకుంటూ, "మీలా ముందుచూపు నాకెక్కడిదక్కా" అని నవ్వింది. అప్పటికి కెంగోకి ముప్ఫై మూడు. అప్పటికి ఐదులో రెండు ఇంకా మిగిలి ఉన్నాయి. ఆ మాటే పట్టుకుందన్నమాట. మాట తనది, బట్ట ఆమెది, పెళ్లి కూడా ఆమెదే.

మరి అద్దెదని ఎందుకు అబద్ధమాడుతోంది? డబ్బు పెట్టి కొన్నవాళ్ళు దాచుకుంటారా ఎక్కడైనా? తనైతే దాచేదా? ధర చెప్పకుండా ధర తెలిసేలా చెప్పడం ఒక కళ, అది తనకు బాగా వచ్చు. అత్తగారికి భయపడా? ఆవిడ మెచ్చుకుంటుందే గానీ ఏమంటుంది? ఇక ఎవరి దగ్గర దాచడానికి? సమాధానం అక్కడే, ముక్కు ముందే ఉంది, కానీ హిసానో దాని వంక చూడదలచుకోలేదు. బదులుగా ఆ తెల్లటి దారం వంకే చూసింది. ఇప్పుడు లేచి వెళ్ళి చెవిలో చెబితే అరనిమిషం పని. చెప్పకపోతే, పదిన్నరకు వరుడి తరఫువాళ్ళు పక్కగది నుంచి వచ్చి ఎదురుగా వరస కడతారు, ఒకరినొకరు పరిచయం చేసుకుంటారు, ఆ తరవాత పెళ్లి మండపానికి నడక. కివాకో ముందు, వాళ్ళు వెనక. వియ్యపురాలు ఇమానిషి గారిది క్యోటోలో మూడు తరాల పట్టు వ్యాపారం. బట్ట పుట్టుపూర్వోత్తరాలు ఎరిగిన కళ్ళు ఒక డజను ఆ దారం వెనకే నడుస్తాయి. ఆ తరవాత ఫోటో, అది రెండు ఇళ్ళలోనూ గోడకెక్కుతుంది. తను చేయాల్సింది ఏమీ లేదు. ఊరికే కూర్చుంటే చాలు. ఇంత సుళువైన పాపం జీవితంలో ఎన్నడూ ఎదురుకాలేదు. కడుపులో ఏదో చల్లగా, ఐస్‌క్రీం మింగినట్టు అనిపించింది. సిగ్గనిపించలేదు, అబద్ధం ఎందుకు, ఆ నిమిషానికి హాయిగానే ఉంది.

కిటికీ అద్దానికి అవతల వాన మొదలైంది. నవంబరు వాన, మా ఊళ్ళో అది ఎండతో కలిసి పడుతుంది. పోయిన ఆదివారం కూడా ఇలాగే పడుతూ ఉంటే ఆమె తన నల్లపట్టును చాప మీద పరిచి, చిన్న కత్తెర తీసుకుని కూర్చుంది. తనదానికి కూడా కచ్చా కుట్టు ఉంది మరి, పద్నాలుగేళ్ళుగా. వరుడి తల్లిగా నిలబడే రోజు పొద్దున తీయాలని ఉంచింది. రెండేళ్ళ కిందట నగోయా నుంచి కెంగో ఫోన్ చేసి, "అమ్మా, ఇక వెతక్కండి. నేను చేసుకోను. నాకేం తక్కువలేదు, బాగానే ఉన్నాను, నిజంగా" అన్నప్పుడు కూడా ఆమె ఆ కుట్టు జోలికి పోలేదు. వాడి గొంతు నిజంగానే బాగుంది, అదే బాధ. ఏడుపు గొంతైతే ఏదో ఒకటి చెప్పి ఒప్పించేది. బాగున్నవాడిని ఏమని ఒప్పిస్తుంది? ఆ వారం అత్తగారింట్లో అందరి ముందూ రియోజి ఆ సంగతి చెప్పేశాడు, భోజనాల మధ్యలో, రేపు వాన పడుతుందట అన్నట్టు. మిగతావాళ్ళు పులుసు వడ్డించుకుంటూనే ఉన్నారు. కివాకో మాత్రం లేచి వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. ఆదివారం కుట్టు తీస్తుంటే దారం ఊరికే వచ్చేసింది, పాతబడి పోగులా ఊడింది, అంచున వరసగా చిన్న చిన్న చిల్లులు మిగిలాయి. గోటితో రుద్దింది. పూడుకోలేదు. రుద్దుతూ ఏడ్చింది. ఎవరో ఒకరి పెళ్లికి పనికొచ్చిందిలే అని రియోజి టీవీ ముందు నుంచి అన్నాడు, ఓదార్పే అది, కానీ ఆ "ఎవరో ఒకరు" ఇదిగో ఇప్పుడు, ఆ ముందు వరసలో, బాతుల అంచుతో నిలబడింది.

కివాకో ఇటే వస్తోంది. దారం ఊగుతోంది.

"అక్కా, చలిగా ఉందా? ఆ నీళ్ళు చల్లారిపోయుంటాయి. ఇంకో కప్పు తెప్పించనా?"

"వద్దు. బాగానే ఉన్నాను," అంది హిసానో, అని, కొడుకు మాటే తన నోట్లోంచి వచ్చిందని గమనించింది.

"పరిచయాలప్పుడు మీరు నా పక్కనే నిలబడండి. మీరుంటే నా వైపు ఎవరూ చూడరు, నాకు ధైర్యం. క్యోటో వాళ్ళంటే భయంగా ఉంది అక్కా, వాళ్ళు నమస్కారం పెట్టినా తిట్టినట్టే ఉంటుందట కదా?"

చెప్పు, ఇప్పుడు చెప్పు, అంది లోపల ఒక గొంతు. నీ ఎడమచేయి చూసుకో, రెండే మాటలు. హిసానో నోరు తెరిచింది కూడా. కానీ ఆ బాతుల కిందినుంచి కొత్తపట్టు వాసన, పెట్టె వాసన కానిది, కర్పూరం వాసన లేనిది, నేరుగా దుకాణంలోంచి వచ్చిన వాసన మొహానికి కొట్టేసరికి, తెరిచిన నోరు "నీ లిప్‌స్టిక్ బాగుంది" అని మూసుకుంది. కివాకో సంతోషించింది. చిన్నపిల్లలా సంతోషించింది, అదింకా ఒళ్ళు మండించింది.

పదిన్నరకు తలుపులు తీశారు. రెండు వరసలు ఎదురెదురుగా నిలబడ్డాయి. ముందు మరిది, గొంతు సవరించుకుని, నేను వధువు తండ్రిని, ఈమె తల్లి, ఆమె నాయనమ్మ, వారు పెదనాన్న రియోజి, పెద్దమ్మ హిసానో అంటూ ఒక్కొక్కరినీ చెప్పుకొచ్చాడు, పేరు చెప్పినవాళ్ళు వంగారు. తన వంతు వచ్చినప్పుడు ఎదుటి వరసలో కళ్ళు తన మోకాలి దగ్గరి పూల దాకా వచ్చి మర్యాదగా దిగిపోవడం హిసానోకి తెలిసింది. అవతలివాళ్ళ పరిచయాలూ అయ్యాయి. ఇమానిషి గారు సన్నటి మనిషి, గొంతు కూడా సన్నమే. ముందుకొచ్చి కివాకోకి వంగి, లేస్తూ, ఆ బాతుల దగ్గర ఒక్క క్షణం ఆగింది.

"ఎంత చక్కటి పనితనం అండీ! మేము పొద్దస్తమానం పట్టు చూసేవాళ్ళమే గానీ ఇలాంటి ఆకుపచ్చ చూసి చాలా రోజులైంది. ఎవరి చేత వేయించారు?"

అదీ మాట. ఆరేళ్ళు ఐసు నీళ్ళలో వేళ్ళు పెట్టిన మనిషి ఏ మాట కోసం ఎదురుచూస్తుందో సరిగ్గా ఆ మాట, దాన్ని అనడానికి అర్హత ఉన్న నోటి నుంచి, నలుగురిలో. కివాకో మొహం ఎర్రబడింది, పెదవి కదిలింది, చెప్పేస్తుంది, ఇదిగో చెప్పేస్తుంది. కానీ కివాకో కళ్ళు పక్కకి తిరిగాయి. హిసానో వైపు, రెప్పపాటు, అంతే.

"అబ్బే, ఇది అద్దెదండీ," అంది కివాకో.

"అవునా," అంది ఇమానిషి గారు. ఆవిడ చూపు నెమ్మదిగా కివాకో ఎడమచేతి వెనక అంచుకు జారింది, దారం మీద నిలిచింది, తిరిగి మొహానికి వచ్చింది. "అద్దెవి కూడా ఇప్పుడు చాలా బాగుంటున్నాయి," అని సన్నగా నవ్వింది. పక్కనున్న ఆవిడ చెల్లెలు కాబోలు, ఆమె కూడా చూసింది, చూసి విసనకర్ర నోటికి అడ్డం పెట్టుకుంది.

హిసానో కోరుకున్నది జరిగింది. ఇలాగే, ఇంత బాగా. మరి ఆ చల్లటి హాయి ఏదీ? అద్దెదని చెప్పి ఎవరి దగ్గర దాస్తోందో ఇక తెలియనట్టు నటించడం కుదరదు. తన దగ్గరే. పక్కన తను నిలబడి ఉంది కాబట్టి, తన నల్లపట్టు పద్నాలుగేళ్ళ తరవాత పెట్టెలోంచి వచ్చింది తన కొడుకు పెళ్లికి కాదు కాబట్టి, ఈ పిచ్చిది తన జీవితంలోకెల్లా గొప్ప మెప్పును చేతిదాకా వచ్చినదాన్ని నేలపాలు చేసింది. వియ్యాలవారి ముందు అబద్ధాలకోరు అయింది. జాలి! నా మీద జాలి! నన్నెవరు జాలిపడమన్నారు? కొట్టినా బాగుండేది. వచ్చి నా పక్కన నిలబడి, కొన్నానక్కా, మీదానికన్నా మంచిది కొన్నానక్కా అని పళ్ళికిలిస్తే, హాయిగా అసహ్యించుకుని ఇంటికి పోయేదాన్ని కదా. ఇప్పుడు దీన్ని ఏం చేసుకోను? దయ చూపించేవాళ్ళ మీద కుళ్ళుకోవడం ఎంత కష్టం, అయినా కుళ్ళు ఆగదే, ఇది ఎటువంటి రోగం?

నడక మొదలైంది. హోటల్ మనిషి తెల్లగ్లవ్స్ చేతితో దారి చూపించాడు. మరిది, కివాకో ముందు. ఇమానిషి వాళ్ళ వరస వెనక కదలబోతోంది.

"కివాకో, ఒక్క నిమిషం. ఇటు రా," అంది హిసానో. ఎంత గట్టిగా అందో తెలియదు, మరిది కూడా వెనక్కి తిరిగి చూశాడు. "మీరు నడవండి, నడుంపట్టీ సర్ది తీసుకొస్తాను," అని, తోడికోడలి మణికట్టు పట్టుకుని, పూలకుండీ పక్కనున్న గోడవారకు లాక్కెళ్ళింది. కత్తెర లేదు. నడుంపట్టీలో విసనకర్ర తప్ప ఏమీ లేదు. కివాకో చేతిని పైకెత్తి, తన పెదవుల రంగు అంటకుండా పళ్ళు మాత్రం ఆనించి, ముడి కొరికింది. తరవాత గోటితో మొదటి కుట్టు ఎత్తి లాగింది. కొత్తదారం కదా, తెగకుండా ఒక్క లాగులో జర్రున వచ్చేసింది. కివాకో ఆ తెల్లటి దారాన్ని చూసింది. చెవులు మొదట, తరవాత మెడ ఎర్రబడ్డాయి.

"మెడ దగ్గరి తెల్లకుట్లు తీయకూడదని మా అక్క ఎక్కడో విందట. అన్నీ ఉంచాలేమో అనుకున్నామక్కా."

"అవి వేరు, ఇవి వేరు. నన్ను అడగొచ్చు కదా?"

"మిమ్మల్ని ఎలా అడగను?" అంది కివాకో. ఊడిన దారం వంక చూస్తూ, "ఎప్పుడు చూశారు?" అంది.

ఇప్పుడే అనొచ్చు. ఎంత తేలిక. "నువ్వు గదిలోకి వచ్చినప్పుడే," అంది హిసానో.

మలుపు దగ్గర ఆగి, మర్యాదగా గోడ మీది బొమ్మను చూస్తున్న ఇమానిషి వాళ్ళ వరస వైపు కివాకో ఒకసారి చూసి, తల వంచుకుంది. కోపం వచ్చిందో లేదో మొహంలో తెలియలేదు. రావాలని హిసానో కోరుకుంది. దారాన్ని వేలికి చుట్టుకుంటూ, ఇంకేమీ తోచక, తనకు ఎప్పుడూ తోచేదే అడిగింది.

"ఎంత?"

"తొమ్మిది లక్షల నలభై."

తనదానికన్నా ఎనభై వేలు ఎక్కువ. గుండెలో భగ్గుమంది. ఇంతలోనే ఇంతగా మండగలదని తనే ఆశ్చర్యపోయింది. "నీకున్నది ఒక్క కూతురు. ఒక్క పూటకి తొమ్మిది లక్షలా? మతి ఉండే కొన్నావా?"

"ఒక్కసారికి కాదక్కా. రెండుసార్లకి," అంది కివాకో. "కెంగో పెళ్లికి కూడా ఇదే కట్టుకుందామని."

"వాడు చేసుకోనన్నాడు. నీకు తెలుసు."

"తెలుసు. తెలిశాకే కొన్నాను." ఉబ్బిన వేళ్ళతో తన చేయి అంచు తడుముకుంటూ, చాలా మామూలుగా, బజారులో కూర బేరం గురించి చెబుతున్నట్టు అంది. "మా చిహయ మాత్రం ముప్ఫై దాకా ఏమంది? అదే మాట, చేసుకోనని. మాటే కదక్కా. వాడు చేసుకుంటాడని మీరు మాత్రం అనుకోవడం లేదా ఏంటి?"

అవతల పిల్లనగ్రోవి మొదలైంది, రండి రండి అని తెల్లగ్లవ్స్ చేయి ఊగుతోంది. హిసానో, కివాకో చేతి అంచున కుట్లున్నచోట పట్టు కొంచెం ముడతపడి ఉంటే అరచేత్తో రెండుసార్లు నిమిరి, చదును చేసి, ముందుకు పొమ్మని భుజం మీద తట్టి, ఒక అడుగు వెనకగా నడిచింది. బాతుల మీద కాదు ఇప్పుడు, ఆకుపచ్చ మీద కాదు, పెళ్లి మీద కూడా కాదు, తన కన్నకొడుకు మీద తను పోయిన ఆదివారం కత్తెర పెట్టి తీసేసిన ఆశను ఈ మనిషి డబ్బు పోసి కొనుక్కుని, కట్టుకుని, తన కళ్ళముందే దర్జాగా నడుస్తోందని, హిసానో కుళ్ళి కుళ్ళి ఏడ్చింది.